నత్తల ఎర – కాపలా కుక్కకు ముప్పు

తొలకరి వానలకు నేల తడిసిన వెంటనే తోటలలో నత్తలు బయలుదేరును. వాటి వెనుకనే తవుడు, బెల్లము, మందు కలిపిన ముద్దలును బయలుదేరును. నత్తల నివారణను గూర్చి రైతులకు చెప్పునప్పుడు ఎంత తవుడు, ఎంత బెల్లము, ఎంత మందు అను లెక్క చక్కగానే చెప్పుచున్నాము. ఆ ముద్దను నత్త గాక మరి ఏ ప్రాణి తినగలదో మాత్రము చెప్పుట లేదు. తోటకు కాపలాయున్న కుక్క ఈ ఎర తిని చచ్చినప్పుడు దానిని కుక్క దురదృష్టముగా ఎంచుట తగదనియు, మనము ఎర పెట్టు తీరే అందుకు కారణమనియు నా అభిప్రాయము.

2023 జూలైలో కోస్తాలోని ఒక బొప్పాయి తోటలో జరిగిన సంగతి ముందుగా చెప్పెదను. ఆ రైతు తన దుకాణదారు చెప్పిన ప్రకారము మెటాల్డిహైడ్ గుళికలను పొడిచేసి, తవుడు, బెల్లపు నీళ్లతో కలిపి, మొక్కల మొదళ్ల వద్దను గట్ల వెంబడిని సాయంకాలము కుప్పలుగా పెట్టించినాడు. పొద్దు గూకిన గంటకు తోటలోని రెండు కుక్కలలో పెద్దది నోట చొంగ కార్చుచు, తూలుచు, ఒళ్లంతయు వణకుచు పాకల వైపు వచ్చినది. కూలివారిలో ఒకరు పిచ్చికుక్క యని కేక వేసినారు. ఆ మాట వినిన తరువాత ఎవ్వరును ఆలోచింపలేదు. కర్రలు తెచ్చి దానిని అక్కడనే కొట్టి చంపినారు. మధ్యాహ్నము దానికి అన్నము పెట్టిన నలుగురు మరునాడు ఆసుపత్రికి పోయి టీకాలు వేయించుకొన్నారు. అనుమానము ఉన్నప్పుడు అది చేయదగిన పనియే.

తెల్లవారి చూచునప్పటికి రెండవ కుక్క గట్టు పక్కన పడి కొట్టుకొనుచున్నది. దాని మూతికి తవుడు అంటియున్నది. పక్కనే సగము నాకిన కుప్ప. అప్పటికి గాని ముందు రోజు చచ్చినది పిచ్చికుక్క కాదని ఎవరికిని తట్టలేదు. రెండవదానిని మోటారు సైకిలుపై గోనెసంచిలో పెట్టి పశువైద్యశాలకు తీసికొనిపోయినారు. అది బ్రదికినది. నాలుగవ రోజున లేచి గంజి త్రాగినది.

ఆ రైతు క్రూరుడు కాడు, అశ్రద్ధపరుడును కాడు. తనకు చెప్పినట్లే చేసినాడు. అతనికి చెప్పిన మాటలో కుక్క లేదు.

ఇంతకును ఈ పెద్ద నత్త మన నేలలో పుట్టినది కాదు. ఇది తూర్పు ఆఫ్రికాకు చెందినది. 1847లో బెన్సన్ అను ఆంగ్లేయుడు, నత్తలను గూర్చి పరిశోధించువాడు, మారిషస్ నుండి కలకత్తాకు వీటిని తెచ్చినాడు. ఒక తోటలో వదలిన ఆ నత్తలు కాలక్రమమున దేశమంతట వ్యాపించినవి. నర్సరీ మొక్కల కుండల అడుగునను, మట్టితోను, కలపతోను ఊరూరికి పోవుచున్నవి. ప్రతి నత్తయు ఆడును, మగయును తానే. విడతకు నూటికి పైగా గ్రుడ్లు నేలలో పెట్టును. పగలు రాళ్ల క్రిందను ఆకుల క్రిందను దాగి, రాత్రివేళ బొప్పాయి, అరటి, కూరగాయల నారు, లేత మొక్కల బెరడు మొదలగువాటిని కొరికివేయును. ఎండకాలమున గుల్ల మూతికి పొర కట్టుకొని నెలల తరబడి నిద్రించును. కనుక నత్తలను వదలివేయుమని నేను చెప్పను. ఒక్క రాత్రిలో నారుమడి పోగొట్టుకొన్నవానికి ఆ మాట చెప్పుటకు నాకు నోరు రాదు.

నత్తల మందులలో ఎక్కువగా వాడబడునది మెటాల్డిహైడ్. దీని చరిత్ర కొంత వింతగా నుండును. ఇది మొదట ప్రయాణికుల చిన్న పొయ్యిలలో మండించుకొను ఇంధనపు బిళ్లగా అమ్మబడెడిది. ఇది నత్తలను చంపునని 1930ల ప్రాంతమున తెలిసినది. దీనిని తిన్న నత్త తన ఒంటిలోని జిగురునంతయు విడిచి ఎండిపోవును. గాలిలో తేమ ఎక్కువైనచో కొన్ని నత్తలు మరల తేరుకొనును. ఎర వేసిన రాత్రియే వాన పడినచో ఫలితము తగ్గుటకు ఇది ఒక కారణము. అప్పుడు రైతు మందు చాలలేదనుకొని రెండవసారి, మూడవసారి మరింత వేయును. కుక్కకు ముప్పు అక్కడ మరింత పెరుగును.

కుక్కకు ఈ మందు నరముల మీద పనిచేయును. తిన్న అరగంట మొదలు మూడు గంటల లోపున సాధారణముగా లక్షణములు కనబడును. మొదట నిలుకడ లేకుండ తిరుగుట, రొప్పుట, చొంగ కార్చుట. తరువాత తూలుట, ఒళ్లంతయు వణకుట, కాళ్లు కొయ్యబారుట, మూర్ఛలు. చిన్న చప్పుడైనను, దీపపు వెలుగైనను మూర్ఛను రేపును. ఎడతెగని వణకుచేత ఒళ్లు కాలిపోవును. జ్వరము 107 డిగ్రీల ఫారన్‌హీటు దాటుటయు కలదు. ఆ వేడియే లోపలి అవయవములను చెరచును. ఊపిరి ఆడక కొన్ని ఆ రాత్రియే చచ్చును. మొదటి దినము గట్టెక్కిన వానిలో కొన్నింటికి రెండు మూడు దినములకు కాలేయము చెడును. ఈ మందుకు విరుగుడనదగిన ప్రత్యేకమైన మందు లేదు. అయినను వేళకు వైద్యము అందినచో చాల కుక్కలు బ్రదుకును. ఈ సంగతి గ్రామములలో అందరికిని తెలియవలెను.

ఇప్పుడు లెక్క చూతము. మన దేశమున దొరకు గుళికలలో మెటాల్డిహైడ్ సాధారణముగా నూటికి 2.5 పాళ్లు ఉండును. అనగా కిలో గుళికలలో 25 గ్రాములు. కుక్క బరువు కిలో ఒక్కింటికి సుమారు 100 మిల్లీగ్రాములు ప్రాణాంతకము కావచ్చును. అంతకు తక్కువైనను వణకును, మూర్ఛయు రావచ్చును. మన ఊరి కుక్క 15 కిలోలు తూగుననుకొన్నచో దానికి ఒకటిన్నర గ్రాముల మందు, అనగా 60 గ్రాముల గుళికలు. ఎకరాకు రెండు కిలోల గుళికలు విడివిడిగా చల్లినామనుకొందము. సెంటుకు 20 గ్రాములు పడును. ఆ కుక్క 60 గ్రాములు తినవలెనన్నచో మూడు సెంట్ల నేలలోని గుళికలను ఒక్కటి విడువక ఏరుకొని తినవలెను. ఏ కుక్కయు అంత ఓపికతో ఏరుకొనదు. అదే కిలో గుళికలను పొడిచేసి తవుడులో కలిపి 15 కుప్పలు పెట్టినచో కుప్పకు 66 గ్రాములు. ఒక్క కుప్ప చాలును. పైగా తవుడు, బెల్లము కుక్కకు ఇష్టమైన తిండి. మందు అదే, మోతాదు అదే, తోట అదే. పెట్టిన తీరు వలన ఒకచోట కుక్కకు ఏమియు కాదు, మరొకచోట ప్రాణము పోవును.

ఈ కుప్పల అలవాటు మనకు ఎక్కడ నుండి వచ్చినదో నాకు తోచినది చెప్పెదను. పొగాకు లద్దెపురుగుకు తవుడు, బెల్లము, మందు కలిపిన విషపు ఎర పెట్టుట మన రైతులకు చిరకాలముగా తెలిసిన పద్ధతి. అక్కడ చిన్న చిన్న ఉండలు చేసి సాళ్ల వెంట పడవేయుదురు. నత్త పెద్దది గనుక ముద్దయు పెద్దది కావలెనని ఎవరో అనుకొనియుందురు. నిజమునకు నత్తకు పెద్ద కుప్పతో పనిలేదు. తయారైన గుళికలో నత్తను ఆకర్షించు ధాన్యపు పిండి ముందే కలిసియున్నది. దానిని పొడిచేసి మరల తవుడులో కలుపుటలో నత్తకు కలుగు లాభము కన్న కుక్కకు కలుగు ఆకర్షణయే ఎక్కువ. తయారైన గుళికలను ఇంటిలో తవుడు బెల్లములతో కలుపవద్దని సిఫారసు చేయువారు గట్టిగా చెప్పవలెనని నా మనవి.

మరియొక సంగతి. విషపు ఎరలలో మిథోమిల్ అను మందును చాలకాలము వాడినారు. దానిని కేంద్ర ప్రభుత్వము 2023లో నిషేధించినది. పాత కరపత్రములు దాచుకొన్న రైతులు ఆ పేరు కొట్టివేయవలెను. మూలనున్న పాత సీసాను నత్తల మీద ఖర్చు పెట్టుదమను ఆలోచన రాగూడదు. థయోడికార్బ్ వాడువారును ఒకటి ఎరుగవలెను: అది శరీరములో మిథోమిల్‌గా మారును. ఈ జాతి మందు తిన్న కుక్కకు చొంగ, కన్నీరు, విరేచనములు, కనుపాప చిన్నదగుట కనబడును. దీనికి అట్రోపిన్ అను విరుగుడు సూదిమందు కలదు. మెటాల్డిహైడ్‌కు అట్టిది లేదు. తిన్నది ఏ మందో తెలియనిదే వైద్యుడు సరియైన చికిత్స చేయలేడు. కనుక మందు సంచినో డబ్బానో పారవేయక, పేరు చెదరక దాచియుంచవలెను. దుకాణములో విడిగా పొట్లము కట్టి ఇచ్చు మందు కొనగూడదు.

డబ్బా మీది త్రికోణపు రంగును చూచి ధైర్యపడువారును కలరు. ఆ రంగు ప్రయోగశాలలో జంతువులకు ఎంత మోతాదు ప్రాణాంతకమో తెలుపును. ఆ మందును దేనితో కలిపినారో, అది కుక్కకు ఎంత రుచిగా నున్నదో ఆ రంగు చెప్పలేదు.

ఎర తిన్నట్లు తెలిసినచో ఏమి చేయవలెను? కుక్క ఇంకను బాగుగానే ఉన్నను కాలయాపన చేయక పశువైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. రెండు రాష్ట్రములలోను 1962 నంబరుకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనమును అడుగవచ్చును. మందు సంచిని, కుక్క కక్కినది ఉన్నచో దానిని ఒక కాగితములో పెట్టుకొని పోవలెను. కక్కించుట, బొగ్గుపొడి పట్టుట, మూర్ఛ ఆపు సూదిమందు ఇచ్చుట వైద్యుని పని. ఇంటివద్ద ఉప్పునీళ్లు, చింతపండు రసము, పాలు, నూనె మొదలైనవి నోట పోయుట మన ఊళ్లలో పరిపాటి. వణకుచున్న కుక్క నోట ఏది పోసినను ఊపిరితిత్తులలోకి పోవును. విషముతో చావని కుక్క ఈ వైద్యముతో చచ్చును. ఒళ్లు కాలుచున్నచో మామూలు నీళ్లతో తడిపి విసరవలెను. చీకటిగా, చప్పుడు లేని చోట పరుండబెట్టవలెను. చుట్టును జనము మూగి కేకలు వేయుట దానికి మరింత కీడు.

పిచ్చికుక్క అను అనుమానమును గూర్చి కొంత వివరముగా చెప్పవలసియున్నది. ఎర తిన్న కుక్క ఉదయము మామూలుగా ఉండి గంట రెండు గంటలలో హఠాత్తుగా ఒళ్లంతయు వణకును. పిచ్చి రోగము సాధారణముగా కొన్ని దినములుగా ముదురుచు వచ్చును. స్వభావము మారును, మేత మానును, గొంతు మారును. అయినను చూచినవెంటనే తేల్చుట మనవంటివారి వల్ల కాదు. ఏదైనను దాని నోటిలో చేయి పెట్టరాదు. గోనెసంచి కప్పి ఎత్తవలెను. కరచినను, చొంగ గాయమునకు తగిలినను సబ్బుతో పదిహేను నిమిషములు కడిగి ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. ఎర తిన్నదేమో అని టీకా మానుట మిక్కిలి ప్రమాదము. కాని కర్ర ఎత్తుటకు ముందు “ఈ దినము చుట్టుపక్కల ఎవరైనను నత్తలకు ఎర పెట్టినారా?” అను ఒక్క ప్రశ్న వేయుటకు అరనిమిషము చాలును. ఆ ప్రశ్నకు జవాబు ఊరిలో ఎవరికైనను తెలిసియుండవలెను గదా. ఇక్కడనే గ్రామాధికారుల పని ఉన్నది.

రైతు తన తోటలో ఎర పెట్టుటకు ఒకరి అనుమతి అవసరమని నేను అనను. పెట్టుచున్న దినమున పొరుగు తోటవారికి, గొఱ్ఱెల కాపరికి చెప్పుట మర్యాద. రైతు సేవా కేంద్రములోనో, రైతు వేదికలోనో ఒక పుస్తకములో తోట గుర్తు, మందు పేరు, తేదీ వ్రాయించుట తేలికైన పని. వెనుక ఊరిలో ఏ సంగతినైనను దండోరా వేయించెడివారు. ఇప్పుడు ప్రతి గ్రామమునకు వాట్సాప్ గుంపు ఉన్నది. పెండ్లి విందులకు పనికివచ్చునది దీనికి పనికిరాదా? వ్యవసాయ సహాయకుడును, పశువైద్య సహాయకుడును ఒకే గ్రామములో పనిచేయుచు ఈ ఒక్క సంగతిని ఒకరికొకరు చెప్పుకొనకపోవుట నాకు వింతగా తోచును. ఒకరు మందు సిఫారసు చేసిన దినముననే రెండవవారు ఆ కేసు వచ్చునని సిద్ధపడి ఉండవచ్చును.

బ్రిటనులో ఆరుబయట మెటాల్డిహైడ్ వాడుక 2022 మార్చి 31తో ముగిసినది. పక్షులకు, జంతువులకు ముప్పు అని అక్కడి ప్రభుత్వము నిర్ణయించినది. అక్కడి రైతులు ఐరన్ ఫాస్ఫేట్ గుళికలకు మారినారు. అవి కుక్కకు దీనికన్న చాల తక్కువ అపాయకరములు. మన దేశములో కూడ నిషేధించవలెనా అని కొందరు అడుగుచున్నారు. నా మటుకు నాకు నిషేధము కన్న ముందుగా కుప్పల పద్ధతి పోవలెనని ఉన్నది. మందును నిషేధించి కుప్పను ఉంచినచో ఆ కుప్పలో రైతు మరియొక దానిని కలుపును. అది ఇంతకన్న చెడ్డది కావచ్చును.

మందు లేకుండ జరుగు పని ముందు చేయవలెను. తొలకరి వాన పడిన మొదటి పది పదిహేను రాత్రులు నత్తలు గ్రుడ్లు పెట్టక ముందే ఏరుట అన్నిటికన్న లాభము. సాయంకాలము తడిపిన గోనె పట్టాలు పరచి, వాటి క్రింద బొప్పాయి ఆకులో, క్యాబేజీ ఆకులో వేసినచో తెల్లవారునప్పటికి నత్తలు అక్కడ చేరియుండును. చేతికి తొడుగు లేనిదే వానిని ముట్టరాదు. మనిషి మెదడు పొరలకు వాపు తెచ్చు ఒక పురుగు వాటిలో ఉండవచ్చును. ఏరినవానిని చిక్కని ఉప్పునీటిలో వేసి చంపి, గోయి తీసి పూడ్చవలెను. ఆ ఉప్పునీటిని పొలములో పోయగూడదు. చెట్ల తోటలలో మొదలుకు రాగి రేకు చుట్టినచో నత్త ఎక్కదు. పొరుగువారు అందరును ఒకే వారములో ఏరకపోయినచో ఈ శ్రమలో సగము వృథా. ఒక్క తోటలో ఏరినవి పక్క తోట నుండి మరల వచ్చును.

ఇంతచేసినను చాలక ఎర వేయవలసి వచ్చినచో, వాన లేని సాయంకాలము, డబ్బా మీది మోతాదు ప్రకారము, గుళికలను విడివిడిగా పలుచగా చల్లవలెను. పాకలకు, కుక్క తిరుగు దారికి దగ్గరగానున్న చోట చల్లుట మాని, నత్త మాత్రము దూరునంత సందు విడిచి రాయితో గాని, మేకులు కొట్టి నేలకు బిగించిన పెంకుతో గాని మూసి, దాని క్రింద పెట్టవలెను. రెండు రాత్రులు కుక్కను కట్టివేయవలెను. కట్టిన కుక్క కాపలా కాయదనుట నిజమే. అయినను రెండు రాత్రుల కాపలా పోయిన పరవాలేదు. మిగిలిన గుళికల సంచిని కోళ్ల దాణా పక్కన పెట్టుట మన ఇండ్లలో సామాన్యము. చూపుకు రెండును ఒకటే. కుక్కలు పొలములో తినుటయే గాక ఇంటిలో సంచిని చింపి తినుటయు కలదు. అప్పుడు తిన్నది గ్రాముల లెక్క కాదు. రేకు డబ్బాలో వేసి, మూత బిగించి, కుక్కకు అందని ఎత్తున పెట్టి తాళము వేయవలెను.

ఆ బొప్పాయి తోట రైతు ఇప్పటికిని ఎర వేయుచున్నాడు. పలుచగా చల్లుచున్నాడు, వేసిన దినమున కూలివారికందరికి చెప్పుచున్నాడు. మొన్నటి తొలకరిలో నేను పోయినప్పుడు ఆ బ్రదికిన కుక్క పాక గుంజకు కట్టబడి యుండి నన్ను చూచి మొరిగినది. ఎప్పుడు విప్పుదువని అడిగితిని. రేపటి వరకు విప్పనని చెప్పినాడు.